కొత్త పీసీలో ప్రాసెసర్ 95 డిగ్రీలు కొడుతుంటే కూలర్ కొనేముందు ఇవి చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివా. కావలిలో మేడ మీద గది, ఏసీ లేదు, ఏఎండీ వాళ్ళ రైజెన్ 5 7600ఎక్స్ ప్రాసెసర్, ఒక్క ఫ్యాన్ ఉండే టవర్ కూలర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, ముందంతా అద్దం ఉండే కేబినెట్. ఊరికే ఉన్నప్పుడు 52, గేములో 80 నుంచి 86, సినీబెంచ్ (ప్రాసెసర్‌ని ఫుల్లుగా పనిచేయించి స్కోరు ఇచ్చే టెస్టు ప్రోగ్రామ్) పెడితే అర నిమిషంలో 95కి పోయి అక్కడే నిలబడతా ఉండాది, షాపులో అడిగితే తొమ్మిది వేలు పెట్టి లిక్విడ్ కూలర్ వేయించుకో లేదంటే ప్రాసెసర్ కాలిపోతాది అన్నారు, ఇంట్లో ఇప్పటికే చానా ఖర్చు పెట్టించా ఇంక అడగలేను అన్నావు. నేను నెల్లూరులో పద్నాలుగేళ్ళ నుంచి సిస్టమ్స్ బిగిస్తుండా, నీలాంటి కేసు ఎండాకాలం వస్తే వారానికి రెండన్నా వస్తాయి నా దగ్గరికి. ఆ తొమ్మిది వేలు ఇప్పుడు పెట్టొద్దు. కాలిపోదు. కానీ నీ సిస్టమ్‌లో సరిచేయాల్సినవి రెండు మూడు ఉండాయి అనిపిస్తుండాది, అవి డబ్బులు లేకుండానే అయ్యేవి, వరసగా చెప్తా ఓపిగ్గా చదువు.

ముందు ఆ 95 సంగతి. ఈ 7000 సిరీస్ 2022 సెప్టెంబరులో వచ్చినప్పుడే ఏఎండీ వాళ్ళు చెప్పారు, ఫుల్ లోడ్‌లో 95 దాకా పోవడం తప్పు కాదు, దానికోసమే డిజైన్ చేశాం అని. అది పనిచేసే పద్ధతే అంత, 95 డిగ్రీలు తగిలిందాకనో, కరెంటు 142 వాట్లు తగిలిందాకనో, 5.3 గిగాహెర్ట్జ్ దగ్గర దాని స్పీడు హద్దు తగిలిందాకనో, ఏది ముందొస్తే అది వచ్చేదాకా స్పీడు పెంచుకుంటానే పోతాది. హద్దు తగలగానే అక్కడ ఆగి తనే కొంచెం స్పీడు తగ్గించుకుంటాది. అందుకే సినీబెంచ్‌లో 95 చూపించడం అన్నది ఒక్కటే చూసి కూలర్ చెడ్డది అని ఎవరూ చెప్పలేరు, ఎంత కూలర్ పెట్టినా ఆ ప్రాసెసర్ దాన్ని వాడుకుని ఇంకొంచెం స్పీడు పోవాలనే చూస్తాది. పైగా ఏఎం4 అనే పాత సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) కూలర్లు దీనికి కూడా పట్టాలని పైన మూత లోహం మందంగా పెట్టారు, లోపల వేడి పుట్టే ముక్క చూస్తే చిటికెన వేలి గోరంత, అంత చిన్న చోట నుంచి నూటపాతిక వాట్లు బయటికి లాగాలంటే ఏ కూలర్‌కైనా కష్టమే. అదే ఇంటెల్ 12, 13, 14 జనరేషన్లకి ఆ హద్దు 100, ఏఎండీలోనే 7800ఎక్స్3డీకి 89, పాత 5600కి 90. ఎవరి హద్దు వాళ్ళది, పక్కోడి నంబరుతో పోల్చుకుని నిద్ర పాడుచేసుకోవద్దు.

ఇంక నేను అసలు చెప్పాలనుకున్నది ఇది. నువ్వు ఇన్ని నంబర్లు రాశావు కానీ ఆ టైములో గదిలో ఎంత వేడి ఉండాదో రాయలా. అది లేకుండా మిగతా నంబర్లు ఏవీ అర్థం కావు. గాలి కూలర్ అయినా నీళ్ళ కూలర్ అయినా అది చేసేదల్లా ప్రాసెసర్ వేడిని గదిలో గాలికి ఇవ్వడమే, గది కంటే చల్లగా చేసే శక్తి దానికి లేదు. గది పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు పది పెరుగుతాది, అంతే లెక్క. యూట్యూబ్‌లో రివ్యూలు చేసేవాళ్ళు ఏసీ రూములో 21, 22 డిగ్రీల్లో టెస్ట్ చేసి గేములో 65 వచ్చింది అంటారు, అదే సిస్టమ్ తెచ్చి మే నెలలో నీ గదిలో పెడితే 80 దాటాల్సిందే, మనిషి తప్పూ లేదు మెషిన్ తప్పూ లేదు.

మన వైపు ఎండ సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు, రోహిణి కార్తెలో రోళ్ళు పగుల్తాయనేది ఊరికే అనలేదు. జూన్‌లో హైదరాబాద్ వాళ్ళకి వానలు మొదలైపోతే మనకింకా వడగాలి కొడతానే ఉంటాది, మనకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలకే కదా, అక్టోబరు దాకా ఆగాల్సిందే. పైగా నీది మేడ మీద గది. స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి పదింటి దాకా కిందకి వదుల్తా ఉంటాది. అందుకే బయట చల్లబడిందిలే అని రాత్రి ఎనిమిదింటికి గేము మొదలుపెడితే గదిలో 36, 37 ఉంటాది, నీకు ఫ్యాన్ కింద కూర్చుంటే తెలీదు. మూడొందలు పెడితే గది టెంపరేచర్ చూపించే చిన్న డిజిటల్ మీటర్ వస్తాది, అది కొను, కేబినెట్ ముందు పక్క గాలి లోపలికి పోయే చోట పెట్టు. ఇక నుంచి ప్రాసెసర్ నంబరు చూసినప్పుడల్లా అందులోంచి గది నంబరు తీసేసి మిగిలింది రాసుకో. 52 లోంచి 36 తీసేస్తే 16, ఊరికే ఉన్నప్పుడు అది చాలా మామూలు. బ్రౌజర్ తెరవగానే 65కి ఎగిరి మళ్ళీ దిగుతుందని రాశావే, అది కూడా మామూలే, ఒక్క కోర్ ఒక్కసారిగా ఫుల్ స్పీడుకి పోతాది కాబట్టి అట్టా ఎగురుతాది.

రెండోది, లోపలి టెంపరేచర్లు, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 (HWiNFO64) ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేస్కో, సెన్సార్స్ ఓన్లీ అని పెట్టి ఓపెన్ చెయ్. అందులో టీసీటీఎల్ టీడై (Tctl/Tdie) అని ఉండేది టెంపరేచర్, సీపీయూ పీపీటీ (CPU PPT) అని ఉండేది ప్రాసెసర్ తాగే వాట్లు. ఈ రెండూ పక్కపక్కన చూడాలి, ఒక్క టెంపరేచర్ చూస్తే సగం కథే. సినీబెంచ్ ఆర్23 పది నిమిషాలది పెట్టు. 115, 120 వాట్లు తాగుతా 95 చూపిస్తే నీ కూలర్ దాని పని అది చేస్తుండాది, చిన్న కూలర్ కాబట్టి అక్కడ సరిపోయింది అంతే. 55, 60 వాట్లకే 95 కొడితే మాత్రం కూలర్ ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనలేదని అర్థం. డాక్టరు జ్వరం చూసి వదిలేయకుండా నాడి కూడా చూసినట్టు ఇది.

పోయినేడాది ఒంగోలు నుంచి బీటెక్ అబ్బాయి ఒకడు కేబినెట్ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. విండోస్ లోకి రాగానే 80, ఏదన్నా తెరిస్తే 95, చూస్తే తాగేది 48 వాట్లు. కూలర్ విప్పి తిరగేశా, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడి దాటడానికి పూసే పేస్టు నున్నగా పరుచుకుని ఉండాది, చూడ్డానికి బ్రహ్మాండంగా పట్టినట్టే ఉండాది. గోటితో అంచున గీకితే పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి లేచింది, ఫోన్ కొన్నప్పుడు స్క్రీన్ మీద ఉంటాదే అట్టాంటిది, కూలర్ అడుగున రాగికి గీతలు పడకుండా కంపెనీలో అంటిస్తారు. వాడు దాని మీదే పేస్టు పెట్టి బిగించేశాడు. పొర పీకి, తుడిచి, కొత్త పేస్టు పెట్టి మళ్ళీ అదే టెస్టు పెడితే 90 వాట్ల మీద 78 వచ్చింది. ఆ పిల్లోడి మొహంలో నవ్వు నాకింకా గుర్తుండాది, రెండు వారాల నుంచి ఇంట్లో వాళ్ళకి చెప్పలేక తిండి తినలేదంట. అందుకే నీకు కూడా చెప్తుండా, ఒకసారి విప్పి చూసుకో, షాపులో బిగించారు కదా అని వదలొద్దు.

విప్పేటప్పుడు ఎట్టా అంటే, ముందు ఒక పది నిమిషాలు గేము ఆడి ఆపు, పేస్టు మెత్తబడతాది. స్విచ్ ఆఫ్ చేసి వైరు పీకేసి, కూలర్ ఫ్యాన్ వైరు తీసి, స్క్రూలు రెండూ ఒక్కోటి కొంచెం కొంచెం లూజ్ చెయ్, ఒకటి పూర్తిగా విప్పి రెండోది పట్టుకోవద్దు. లాగొద్దు, అటూ ఇటూ మెల్లగా తిప్పితే వదుల్తాది. పాత ఏఎం4 వాటికి ఇట్టా లాగితే సాకెట్ లోంచి ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగేవి, నీది కొత్త సాకెట్ ఏఎం5 కాబట్టి పైన ఇనప ఫ్రేము పట్టుకుని ఉంటాది, ఆ భయం లేదు. తిరగేసి పేస్టు ముద్ర చూడు. అన్నివైపులా ఒకే తీరుగా పల్చగా ఉంటే బాగా ఆనినట్టు. ఒక పక్క పల్చగా లోహం కనపడతా, ఇంకో పక్క మందంగా గడ్డకట్టినట్టు ఉంటే ఒక స్క్రూ ఎక్కువ ఇంకోటి తక్కువ బిగిసింది. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి, మొబైల్ రిపేర్ షాపుల్లో అందరి దగ్గరా ఉంటాది, ఐపీఏ అని అడుగు, చిన్న సీసాలో పోసిస్తారు. పేస్టు నడిమధ్య బఠాణీ గింజంత పెట్టి, నాలుగు మూలల్లో ఇంకా చిన్న చుక్కలు పెడితే చాలు, ఆ మూత అంచుల్లో కోసినట్టు గుంటలు ఉంటాయి కదా, వాటిలోకి కొంచెం కారినా మామూలు పేస్టు అయితే ఏం కాదు. లిక్విడ్ మెటల్ జోలికి మాత్రం పోవద్దు, అది కరెంటు పాస్ చేస్తాది, అల్యూమినియానికి తగిలితే తినేస్తాది. బిగించేటప్పుడు ఈ స్క్రూ అర చుట్టు, ఆ స్క్రూ అర చుట్టు, అట్టా మార్చి మార్చి ఆగేదాకా తిప్పు, ఆగాక బలవంతం చెయ్యొద్దు.

ఇప్పుడు నీ కేబినెట్. నిజం చెప్పాలంటే నాకు ఎక్కువ అనుమానం దీని మీదే. ముందు అద్దం చూడ్డానికి అందంగా ఉంటాది కానీ పక్కన వేలు పట్టే సందు లోంచే మూడు ఫ్యాన్లు గాలి పీల్చుకోవాలి. నీ 4060 ఒక 115 వాట్లు, ప్రాసెసర్ గేములో 60, 70 వాట్లు, మొత్తం వేడి ఆ పెట్టెలోనే తిరుగుతా ఉంటే ప్రాసెసర్ కూలర్‌కి దొరికేది గది గాలి కాదు, గ్రాఫిక్స్ కార్డు వదిలిన వేడి గాలి. సినీబెంచ్‌లో గ్రాఫిక్స్ కార్డు ఊరికే ఉంటాది, గేములో రెండూ పనిచేస్తాయి, అందుకే తక్కువ వాట్లకే గేములో 86 చూపిస్తుండాది. దీనికి టెస్టు సులువు. గేము అరగంట ఆడి నంబరు రాసుకో, తర్వాత ముందు అద్దం పీకేసి అదే గేము అదే చోట ఇంకో అరగంట ఆడు. ఏడెనిమిది డిగ్రీలు తగ్గిందంటే దోషం కేబినెట్‌దే, కూలర్‌ది కాదు, అప్పుడు ఎన్ని వేల లిక్విడ్ కూలర్ పెట్టినా అదే ఉడికిన గాలి మీద పనిచేయాలి.

ఫ్యాన్లు ఏవైపు తిరుగుతున్నాయో కూడా చూడు. ఫ్యాన్‌కి ప్లాస్టిక్ పుల్లలు అడ్డంగా ఉండే వైపు నుంచి గాలి బయటికి వస్తాది, రెండో వైపు నుంచి లోపలికి పోతాది. కళ్ళతో చూసి తెలీకపోతే అగరొత్తి ఒకటి వెలిగించి ఫ్యాన్‌కి జానెడు దూరంలో పట్టుకో, పొగ లోపలికి లాక్కుంటే అది లోపలికి తోలేది, పొగ నీ మొహానికి కొడితే బయటికి తోలేది. నుసి లోపల పడకుండా చూసుకో. ముందువి లోపలికి, వెనకది పైవి బయటికి, కూలర్ మీద ఉండే ఫ్యాన్ వెనక ఫ్యాన్ వైపుకి ఊదాలి. వెనక ఫ్యాన్ తిరగేసి బిగించి, కూలర్ ఒకవైపు అది ఒకవైపు కొట్టుకునేవి నేను చానా చూశా. కంప్యూటర్ టేబులు కింద పెట్టె లాంటి అరలో పెట్టి ఉంటే బయటికి తీసెయ్, గోడకి కనీసం జానెడు ఎడం ఉంచు. ఎయిర్ కూలర్ గాలి నేరుగా కేబినెట్ మీదకి పెడతారు కొంతమంది, అది వద్దు, బోరు నీళ్ళ తుంపర పడితే ఎండాక తెల్లగా ఉప్పు పేరుకుంటాది, పైగా సముద్రం దగ్గర మనకి గాలిలో తేమ ఎక్కువ ఉన్న రోజున ఆ కూలర్ పెద్దగా చల్లబరిచేదీ లేదు.

ఇంక బయోస్, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల మెనూ. నీ ప్రాసెసర్‌కి ఇది మందు లాంటిది, రూపాయి ఖర్చు లేదు. ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ మెనూలోనో పక్కనో ఎకో మోడ్ అని ఉంటాది, 65 వాట్లది పెట్టు. 65 అని పేరే గానీ నిజంగా 88 వాట్ల దాకా తాగనిస్తాది, 142 నుంచి 88కి దిగినట్టు. ఇంత తగ్గిస్తే స్పీడు పోతాదేమో అని అందరూ భయపడతారు, నా టేబుల్ మీద 7600ఎక్స్‌కి సినీబెంచ్ స్కోరులో నూటికి నాలుగైదు పోయింది, టెంపరేచర్ మాత్రం 95 నుంచి 80 లోపుకి వచ్చింది. గేముల్లో ఎట్టాగూ 88 దాటి తాగదు కాబట్టి ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి స్క్రీన్ మీద మారే బొమ్మల లెక్క) తేడా కనపడలా. దాంతో పాటు వోల్టేజ్ సర్దే కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగులో ఆల్ కోర్స్, నెగెటివ్, 15 పెట్టు, వోల్టేజ్ కొంచెం తగ్గి ఇంకో రెండు మూడు డిగ్రీలు వస్తాయి. 30 పెట్టా బాగుంది అని ఎవరో చెప్పారని ఒక్కసారే 30కి పోవద్దు, ప్రతి చిప్పూ ఒకలా ఉండదు, ఫుల్ లోడ్‌లో బానే ఉండి ఊరికే ఉన్నప్పుడు రాత్రి పూట రీస్టార్ట్ అయ్యే రకాలు ఉంటాయి, 15 పెట్టి వారం వాడి అప్పుడు 20 చూడు. మెనూలో థర్మల్ లిమిట్ కూడా ఉంటాది, మనసు కుదుటపడాలంటే 85 పెట్టుకో, ఇక దాన్ని దాటి పోదు. మానిటర్ 144 హెర్ట్జ్ అయితే ఎఫ్‌పీఎస్‌ని 140కి కట్టెయ్. పాత గేముల మెనూ స్క్రీన్ మీద కూడా ఆరేడొందల ఎఫ్‌పీఎస్ పరిగెడతా ఊరికే వేడి పుట్టిస్తుంటాయి. కొత్త గేము మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతున్నాయి అని చూపిస్తా 90 పోతాది, అది ఆ కాసేపే, పట్టించుకోవద్దు.

ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత టెంపరేచర్‌కి ఫ్యాన్ ఎంత స్పీడు తిరగాలో పెట్టేది, దాని గురించి ఎక్కువ రాయను. 60 దాకా నలభై శాతం, 75కి డెబ్బై, 85కి వంద. స్టెప్ అప్ టైమ్ అనో స్మూతింగ్ అనో ఉంటాది, నాలుగైదు సెకన్లు పెట్టు, లేకపోతే టెంపరేచర్ ఎగిరినప్పుడల్లా ఫ్యాన్ కుయ్యిమంటా అరుస్తాది.

ప్రాసెసర్ కాలిపోతాది అన్న మాట దగ్గరికి మళ్ళీ వస్తా, ఎందుకంటే అది విని నువ్వు బాగా కలవరపడ్డావు. నిజంగా ప్రాసెసర్లు పాడైన సంఘటనలు ఉండాయి, కానీ వాటిలో ముద్దాయి వోల్టేజ్. 2023 ఏప్రిల్‌లో కొన్ని 7800ఎక్స్3డీలు సాకెట్‌లోనే మాడిపోయాయి, మదర్‌బోర్డులు ఎస్ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకి పోయేది) ఎక్కువ ఇవ్వడం బయటపడింది, తర్వాత బయోస్ అప్‌డేట్‌తో దాన్ని 1.3 వోల్ట్‌కి కట్టేశారు. ఇంటెల్ 13, 14 జనరేషన్ వాటికి కూడా వోల్టేజ్ గోలే, 2024 ఆగస్టులో 0ఎక్స్129 అని మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్‌కి అప్‌డేట్) ఇచ్చారు, వారంటీ రెండేళ్ళు పెంచారు. అందుకని నీ బోర్డు బయోస్ వెర్షన్ ఏ తేదీదో చూడు, 2023 మధ్యకి ముందుదైతే కొత్తది వేసుకో. కరెంటు పోయే టైములో మాత్రం పెట్టొద్దు, యూపీఎస్ లేకపోతే తెల్లారుజామున చెయ్, అప్‌డేట్ మధ్యలో ఆగితే బోర్డు లేవదు. అప్‌డేట్ చేశాక నువ్వు పెట్టిన ఎకో మోడ్, ఎక్స్‌పో (ర్యామ్ స్పీడు సెట్టింగు) అన్నీ పోతాయి, మళ్ళీ పెట్టుకోవాలి, ఇది మర్చిపోయి మళ్ళీ వేడెక్కింది అని వచ్చేవాళ్ళు చానా మంది.

దుమ్ము. చీమకుర్తి నుంచి ఒకాయన తెచ్చాడు, ఇల్లు గ్రానైట్ ఫ్యాక్టరీల దగ్గరే, కొని ఎనిమిది నెలలు, ఐ5 12400ఎఫ్, 65 వాట్లకే 97. ముందు ఫిల్టర్ పీకి చూస్తే జల్లెడ కనపడలా, బూడిద రంగు గుడ్డ పరిచినట్టు ఉండాది, వేలితో రుద్దితే మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా వేలి గీతల్లోకి ఎక్కింది. ఫిల్టర్ కడిగి, కూలర్ రెక్కలు బ్రష్షుతో దులిపి, బ్లోయర్ కొట్టాక 70 లోపుకి దిగింది, ఇంకేం మార్చలా. నీకు అంత ఉండదు గానీ ఎండాకాలం నెలకోసారి, మామూలప్పుడు రెండు నెలలకోసారి ఫిల్టర్ కడిగి బాగా ఆరబెట్టి పెట్టు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకో, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతింటాది. పంక్చర్ షాపు దగ్గరికి తీసుకుపోయి గాలి కొట్టించొద్దు, ఆ ట్యాంకులో నీళ్ళు నిలిచి ఉంటాయి, గాలితో పాటు తుంపర కూడా బోర్డు మీద పడతాది. దుమ్ము పడుతుందని ఇంట్లో వాళ్ళు టవల్ కప్పుతుంటే సిస్టమ్ ఆపేశాకే కప్పమని చెప్పు.

ఇవన్నీ చేశాక కూడా ఎకో మోడ్‌లో గేము ఆడేటప్పుడు గది వేడి తీసేస్తే 50 కంటే ఎక్కువ మిగుల్తుంటే అప్పుడు కూలర్ మార్చే ఆలోచన చెయ్, అప్పుడు కూడా లిక్విడ్ కాదు, రెండు ఫ్యాన్లు రెండు టవర్లు ఉండే గాలి కూలర్ చాలు, లిక్విడ్ దాంట్లో సగం డబ్బులకే వస్తాది. లిక్విడ్‌లో పంపు ఉంటాది, అయిదారేళ్ళకి అది పోతే మొత్తం పారేయాలి, గాలి కూలర్‌కి ఫ్యాన్ పోతే ఆరేడొందలు పెట్టి కొత్త ఫ్యాన్ తగిలిస్తే మళ్ళీ కొత్తదే. కొనే ముందు కేబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడతాదో చూస్కో, పెద్దవి 155 నుంచి 160 మిల్లీమీటర్లు ఉంటాయి, అద్దం మూత పడక వెనక్కి తెచ్చినవాళ్ళు ఉండారు. నీ కేబినెట్‌లో ముందు అద్దం తీస్తే తగ్గిందని తేలితే మాత్రం ఆ డబ్బులు కూలర్ మీద కాకుండా ముందు జాలీ ఉండే కేబినెట్ మీద పెట్టు.

ఆదివారం పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, ఏమీ మార్చకుండా సినీబెంచ్ పది నిమిషాలు పెట్టి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో స్క్రీన్‌షాట్ రెండూ పంపు అబ్బయ్యా, పక్కన గది ఎంత ఉండాదో రాయి. కూలర్ విప్పితే పేస్టు ముద్ర రెండు వైపులా ఫోటో తీసి తుడిచే ముందే పంపు, తుడిచేశాక నేను చెప్పగలిగింది ఏం ఉండదు.